బోవే చర్చి సగమే ఎందుకుంది? (చవక ఫ్లైట్ ఎక్కి ఇక్కడ పడ్డా)

అర్ధరాత్రి_ఫ్లైట్
పారిస్ అని టికెట్ అమ్మారు, దిగితే అది బోవే అనే ఊరంట, పారిస్ 80 కిలోమీటర్లు. నేను జర్మనీలో మాస్టర్స్ చేస్తున్నా, చవగ్గా ఉందని బుక్ చేశా, తిరుగు ఫ్లైట్ రేపు పొద్దున్నే, పారిస్ వెళ్లొచ్చే డబ్బుల్లేవు ఓపికా లేదు. సరే ఊళ్లో పెద్ద చర్చి ఉందన్నారు కదా అని పోయా. బయట్నుంచి కొండలా ఉంది. లోపలికెళ్తే మెడ పట్టేసేంత ఎత్తు. బాబోయ్ అనుకుంటూ వెనక్కి తిరిగి చూస్తే గోడ! అంతే, చర్చి అయిపోయింది. పూజ జరిగే భాగం ఉంది, జనం నిలబడే పొడవాటి హాలు లేదు. పైగా లోపల ఒకచోట ఇంతింత లావు చెక్క దూలాలు ఏటవాలుగా బిగించారు, మన ఊళ్లో ఒరిగిన గోడకి దుంగలు ఊతం పెట్టినట్టు. ఇది కట్టడం ఆపేశారా, కట్టాక కూలిందా? ఇంకోటి, మాకు స్కూల్లో మధ్యయుగం అంటే చీకటి యుగం, ప్లేగు, రాజులు కొట్టుకోవడం, తర్వాత పునరుజ్జీవనం వచ్చి అందరూ తెలివిమీరారు అని చెప్పారు. మరి ఆ చీకట్లో రాయితో 15 అంతస్తుల ఎత్తు కప్పు ఎవడేశాడు?

కొలోన్_కుర్రాడు
ఆ ఎయిర్‌పోర్టుకి నేనూ బలైనవాణ్ణే తమ్ముడూ. నేను చర్చి కూడా చూళ్లేదు, బస్టాండులో పడుకున్నా.

సివిల్_సుబ్బు
రెండూ జరిగాయి. కూలింది, ఆపేశారు. 1225లో మొదలెట్టారు. అప్పటికి ఉత్తర ఫ్రాన్సులో ఊరూరా ఎత్తు పోటీ నడుస్తోంది. పారిస్ నోత్రదామ్ కప్పు 33 మీటర్లు, షార్త్ర్ 37, రెయిమ్స్ 38, అమియెన్స్ 42. బోవే వాళ్లు మేం తక్కువా అని 48కి వెళ్లారు. 1272కి నువ్వు చెప్పిన పూజ జరిగే భాగం పూర్తయింది, 12 ఏళ్లకి, 1284లో, కప్పు కొంత కూలింది. మళ్లీ కట్టేటప్పుడు ఏం చేశారో నువ్వు చూసిన చోటే కనపడుతుంది, స్తంభాల మధ్య దూరం ఎక్కువైందని మధ్యలో కొత్త స్తంభాలు దూర్చారు. అందుకే అక్కడ స్తంభాలు ఒత్తుగా ఉంటాయి. అక్కడితో బుద్ధి రావాలి కదా, రాలేదు. 1500 తర్వాత అడ్డభాగం (చర్చికి శిలువ ఆకారం తెచ్చే అడ్డ రెక్కలు) కట్టి, ముందు హాలు కట్టాల్సిన డబ్బుతో మధ్యలో 153 మీటర్ల గోపురం లేపారు. 1569లో పూర్తి, 1573లో ఢాం. పండగ రోజు, జనం అంతా ఊరేగింపులో బయటికెళ్లారు కాబట్టి ప్రాణాలు పోలేదు. ఆ తర్వాత హాలు కట్టడానికి డబ్బూ లేదు, మనసూ రాలేదు. నీకు కనపడ్డ ఆ గోడ తాత్కాలికంగా మూసిన గోడ, నాలుగున్నర శతాబ్దాలుగా తాత్కాలికమే.

నసగాడు
మా కాలనీ ఫ్లైఓవర్ గుర్తొచ్చింది.

అర్ధరాత్రి_ఫ్లైట్
సుబ్బు గారూ, మరి ఆ దుంగల సంగతి?

సివిల్_సుబ్బు
అవి ఈమధ్యవే, 1990ల్లో పెట్టారు. దాని వెనక ఒక కామెడీ ఉంది. బయట గోడని ఆపే రాతి ఊతాల మధ్య ఇనప కడ్డీలు కట్టి ఉండేవి. 1960ల్లో ఎవరికో ఇవి అందం పాడుచేస్తున్నాయి, అవసరం లేదు అనిపించి తీయించారు. తీశాక గాలికి అడ్డభాగం ఊగడం మొదలైంది. మళ్లీ స్టీలువి పెట్టారు, లోపల దుంగలూ పెట్టారు. పాత మేస్త్రీ పెట్టినదాన్ని ఎందుకు పెట్టాడో తెలీకుండా పీకకూడదని మా సార్ సైట్లో ఊరికే అనేవారు కాదు.

తాపీమేస్త్రీ_మనవడు
మా తాత, ఆయన నాన్న ఇద్దరూ తాపీపనే, అందుకే నాకీ టాపిక్ అంటే పిచ్చి. చీకటి యుగంలో ఎవడేశాడు అన్నావు కదా, మేస్త్రీలే వేశారు. పెద్ద మేస్త్రీ ఉంటాడు, ఇప్పటి ఆర్కిటెక్టూ ఇంజనీరూ కాంట్రాక్టరూ అన్నీ ఆయనే. చేతిలో ఉన్నవి మూలమట్టం, వృత్తలేఖిని, దారానికి కట్టిన గుండు. లెక్కలు కాగితం మీద తక్కువ, జ్యామితి ఎక్కువ, నేలమీద సున్నం పరిచి అసలు సైజులో కమాను గీసుకుని దాన్నిబట్టి చెక్క అచ్చులు కోసి రాతిపని వాళ్లకిచ్చేవాళ్లు. కమాను కింద చెక్క చట్రం కట్టి దానిమీద రాళ్లు పేర్చి సున్నం గట్టిపడ్డాక చట్రం తీసేస్తారు, దాన్ని ఇంగ్లీషులో సెంటరింగే అంటారు, మన స్లాబ్ సెంటరింగ్ మాటే. రాళ్లు పైకి లాగడానికి పెద్ద చెక్క చక్రం, అందులో మనుషులు నడుస్తుంటే తాడు చుట్టుకుంటుంది, గానుగెద్దు గుండ్రంగా నడిస్తే వీళ్లు ఉన్నచోటే నడుస్తారు. చలికాలం సున్నం గడ్డకడుతుందని పని ఆపి గోడల నెత్తిన గడ్డి కప్పేవాళ్లు.

ఒకటి చెప్తా. ఇంగ్లండులో కాంటర్‌బరీ చర్చి 1174లో కాలిపోతే తిరిగి కట్టడానికి ఫ్రాన్సు నుంచి విలియం అనే మేస్త్రీని పిలిచారు, సాన్స్ ఊరివాడు. నాలుగేళ్లు కట్టి, 1178లో పరంజా మీంచి 50 అడుగుల కిందికి పడ్డాడు. మంచంలో పడుకునే కొన్నాళ్లు పని చెప్పి చేయించాడు, కుదరక ఊరెళ్లిపోయాడు, ఇంకో విలియం వచ్చి పూర్తి చేశాడు. అక్కడి సన్యాసి గెర్వేజ్ ఇదంతా రాసిపెట్టబట్టి తెలిసింది. మా తాత కూడా పరంజా మీంచి పడి ఆర్నెల్లు మంచంలోంచే కూలీల్ని కేకలేసేవాడు. ఆయన గురించి ఎవరూ రాయలేదు, నేనే రాస్తున్నా.

మెదక్_పిల్ల
తాత గారి ముచ్చట మస్తుగుంది అన్నా. ఫొటో ఉంటే పెట్టు.

ఓరుగల్లోడు
గిదంతా సరే గని, ఒక్క ముచ్చట ఎవ్వరూ చెప్తలేరు. పారిస్ నోత్రదామ్ మొదలువెట్టింది 1163. మా హన్మకొండ వేయిస్తంభాల గుడి 1163. గదే ఏడు! రుద్రదేవుడు ఇక్కడ, బిషప్పు అక్కడ. రామప్ప 1213, రెయిమ్స్ 1211. మనోళ్లు నీళ్లల్ల తేలే ఇటుకలతోని శిఖరం కట్టిన్రు, ఇసుక పునాది ఏసిన్రు, ఇప్పటికి నిలవడ్డది. ఆళ్లది కూలింది. ఎవరు గొప్ప?

నసగాడు
మొదలైంది. ఇంకో పది పోస్టుల్లో విమానం కూడా మనమే కనిపెట్టాం.

ఓరుగల్లోడు
నువ్వు ఊకో నసగా. తేదీలు తప్పైతే చెప్పు.

పాతపుస్తకం
తేదీలు కరెక్టే ఓరుగల్లు అన్నా, పోలికే కొంచెం తేడా. రామప్పలో మనవాళ్లు కమాను వాడలేదు. స్తంభం, దానిమీద దూలం, దానిమీద బండలు, అంతా బరువు నిలువుగా కిందికి దిగుతుంది. అది వాళ్లకి చేతకాక కాదు, ఆ గుడికి అది చాలు. మన గర్భగుడి చీకటిగా ఉండాలి, దీపం వెలుగులో దేవుడి మొహం కనపడాలి, జనం బయట మండపంలో ఉంటారు. చర్చిలో ఊరు ఊరంతా లోపలికి రావాలి. దానికితోడు పారిస్ పక్కన సెయింట్ డెనిస్ మఠాధిపతి సూజే అని ఒకాయన, వెలుతురే దేవుడి దగ్గరికి దారి అని పట్టుబట్టాడు. మందబుద్ధి మనసు వస్తువుల్ని పట్టుకునే సత్యం దాకా లేస్తుందని తలుపుల మీద పద్యం చెక్కించాడు. 1144 జూన్‌లో ఆయన కట్టించిన కొత్త భాగం ప్రారంభించారు, గోడలు తీసేసి రంగు గాజులు పెట్టినట్టుంటుంది. గోతిక్ అనే ఈ చర్చిల కట్టడం పద్ధతి అక్కడే మొదలైందంటారు. దేవుణ్ణి చీకట్లో దాచిన శిల్పికీ వెలుతుర్లో పెట్టాలనుకున్న మేస్త్రీకీ ఇంజనీరింగ్ ఒకటే ఎలా అవుతుంది చెప్పు.

ఓరుగల్లోడు
గిది మంచిగ చెప్పినవ్. ఒప్పుకుంట. గని తేలే ఇటుక తేలే ఇటుకనే.

అర్ధరాత్రి_ఫ్లైట్
గోడ తీసేస్తే కప్పు దేనిమీద నిలబడింది?

సివిల్_సుబ్బు
నిచ్చెన గోడకేసి ఎక్కావా ఎప్పుడైనా? బాగా వాల్చి వేస్తే కింద కాళ్లు బయటికి జారతాయి. నిటారుగా వేస్తే అంత జారవు. అర్ధచంద్రం కమాను వాల్చిన నిచ్చెన, కాళ్లని బయటికి తోస్తుంది, అందుకే పాత చర్చిలకి బాగా మందం గోడలు, చిన్న కిటికీలు. మొన తేలిన కమాను నిటారు నిచ్చెన, బయటికి తోపు తక్కువ. పైగా కప్పు కింద పక్కటెముకల్లా రాతి రిబ్బులు వేసి కప్పు బరువుని నాలుగు మూలలకి లాగేస్తే మధ్యలో గోడకి పని లేదు, కిటికీ పెట్టేసుకో. మిగిలిన తోపుని బయట్నుంచి చేత్తో ఆపినట్టు రాతి ఊతాలు ఆపుతాయి, ఫ్లయింగ్ బట్రెస్ అనేవి అవే. బయట్నుంచి సాలెపురుగు కాళ్లలా కనిపిస్తాయి.

నసగాడు
మొన తేలిన కమాను అరబ్బుల దగ్గర్నుంచి తెచ్చుకున్నదే కదా, అది కూడా చెప్పండి.

పాతపుస్తకం
కమాను ముస్లిం దేశాల్లో అంతకుముందే ఉంది, నిజమే. ఇటలీ, ఫ్రాన్సులోని బర్గండీ మీదుగా ఉత్తరానికి పోయింది. రిబ్బులు ఇంగ్లండు డరమ్ చర్చిలో 1093 నుంచి కట్టిన దాంట్లో ఉన్నాయి. విడివిడిగా అన్నీ ఎక్కడో ఉన్నవే, అన్నిటినీ కలిపి గోడ మాయం చెయ్యడానికి వాడింది మాత్రం పారిస్ చుట్టుపక్కల. బిర్యానీ ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగితే ఏం చెప్తావ్?

కొలోన్_కుర్రాడు
హైదరాబాద్ నుంచి. చర్చ ముగిసింది.

ఖమ్మం_మిర్చి
ఇంత డబ్బు ఎక్కడిది, అది ఎవరూ మాట్లాడలేదే? అమియెన్స్ సంగతి చెప్తా, బోవేకి పక్కనే. ఆ ఊరి చుట్టూ నీలిరంగు ఆకు పండించేవాళ్లు, వోడ్ అంటారు, ఆకు నూరి ముద్దలు చేసి ఎండబెట్టి బట్టల అద్దకానికి అమ్మేవాళ్లు. ఆ వ్యాపారుల డబ్బు చర్చిలో చాలా ఉంది, బయట దక్షిణం గోడ మీద మూటతో ఇద్దరు నీలి వ్యాపారుల బొమ్మ కూడా ఉంది. చర్చి 1220లో మొదలైతే యాభై ఏళ్లలో చాలామటుకు అయిపోయింది. అంటే ఆకు డబ్బు ఎంతుందో చూడండి.

ఇక నాకెందుకు ఇంట్రెస్టంటే, తర్వాత వాళ్ల వోడ్‌ని దెబ్బకొట్టింది మన నీలిమందు. మా జిల్లా నాగులవంచలో 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఫ్యాక్టరీ పెట్టి నీలిమందు కొని మచిలీపట్నం మీదుగా పంపేవాళ్లు. మనది వాడితే మరణశిక్ష అని 1609లోనే ఫ్రాన్సు రాజు హుకుం ఇచ్చాడు. ఆగిందా? ఆగలేదు.

నసగాడు
వ్యాపారులు ఇచ్చారు అని తేలిగ్గా అనకండి. రెయిమ్స్‌లో 1233లో జనం ఆర్చిబిషప్పు మీద తిరగబడ్డారు, పన్నుల బాధ పడలేక, చర్చి పనే రెండు మూడేళ్లు ఆగిపోయింది. అది కట్టింది భక్తి కాదు, పిండిన డబ్బు. చర్చివాళ్లలోనే క్లేర్వో మఠం బెర్నార్డ్ అప్పుడే తిట్టాడు, చర్చి తన రాళ్లకి బంగారం తొడుగుతోంది, బిడ్డల్ని బట్టల్లేకుండా వదిలేస్తోంది అని. సూజే ఉన్న కాలంలోనే. ఇప్పుడు మనం వెళ్లి సెల్ఫీ తీసుకుని ఆహా అంటున్నాం.

మెదక్_పిల్ల
నసగాడు అన్నా, మీరన్నది కాదనను గానీ అన్ని చోట్లా ఒకేలా లేదు. మా మెదక్ చర్చి అచ్చం ఈ గోతిక్ చూసి కట్టిందే, మిషనరీ పోస్నెట్ దొర కట్టించారు, కరువులో పనిలేని జనానికి పనిచ్చి అన్నం పెట్టి కట్టించారని మా నానమ్మ వాళ్లమ్మ చెప్పేదట, ఆమె కూడా రాళ్లు మోసిందంట. 1924 క్రిస్మస్ రోజు ప్రారంభం, గోపురం 173 అడుగులు. మా ఇంట్లో ఆ చర్చి అంటే దొరది కాదు, మాది. షార్త్ర్‌లో కూడా 1145లో జనం తమంతట తాము బండ్లకి తాళ్లు కట్టుకుని రాళ్లు లాగారని ఆనాటి ఉత్తరాల్లో ఉంది. భక్తి, పన్ను, ఆకలి, మూడూ ఒకే గోడలో ఉండొచ్చు కదా.

నసగాడు
ఉత్తరాలు రాసింది మఠాధిపతి అమ్మా, బండి లాగినోడు కాదు.

మెదక్_పిల్ల
మా నానమ్మ వాళ్లమ్మ బండి లాగినామే.

నసగాడు
సరే, దానికి నా దగ్గర జవాబు లేదు.

కొలోన్_కుర్రాడు
స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా. నసగాడు మొదటిసారి ఒప్పుకున్న రోజు.

గాజుపెంకు
గాజుల గురించి ఎవరూ రాయలేదని వచ్చా. మెదక్ కిటికీలు చూసినవాళ్లకి తెలుసు, రాత్రి వెళ్తే నల్లగా ఉంటాయి, పగలు లోపల నిలబడితేనే బొమ్మ. అదే సూత్రం. ఇసుక, చెట్టు బూడిద కలిపి కరిగించి గాజు, నీలానికి కోబాల్టు, ఎరుపుకి రాగి. ఎరుపు మరీ ముదురు, మొత్తం ఎర్రగాజు చేస్తే నల్లగా కనిపిస్తుంది, అందుకని తెల్లగాజు మీద పల్చటి ఎరుపు పొర. ముక్కలు కోసి, మొహాలూ మడతలూ నల్లరంగుతో గీసి మళ్లీ బట్టీలో కాల్చి, సీసపు పట్టీలతో అతుకుతారు. పారిస్‌లో సెయింట్ షాపెల్ అని 1248లో ప్రారంభించారు, 15 కిటికీలు ఒక్కోటి 15 మీటర్ల ఎత్తు, వెయ్యికి పైగా బొమ్మలు. గోడ ఎక్కడుందో వెతుక్కోవాలి. అసలు వింత ఏంటంటే దాన్ని కట్టించిన ఫ్రాన్సు రాజు, తొమ్మిదో లూయీ, అందులో పెట్టడానికి ఏసు ముళ్ల కిరీటం అని చెప్పినదాన్ని కొన్న ధర 135000 లీవ్ర్‌లు (అప్పటి ఫ్రాన్సు డబ్బు), చర్చి కట్టడానికి అయింది 40000. డబ్బాకంటే సరుకు మూడురెట్లు.

షార్త్ర్ మాత్రం జీవితంలో ఒక్కసారి చూడాలి. 1194లో కాలిపోయింది, మళ్లీ మొదలెట్టి 1220 ప్రాంతానికి చాలావరకు పూర్తి. కిటికీల కింద రొట్టెలవాడు, చెప్పులవాడు, తోలు బట్టలవాడు పనిచేసుకుంటూ కనిపిస్తారు. దేవతల కాళ్ల దగ్గర చెప్పులు కుట్టేవాడి దుకాణం. 1939లో యుద్ధం వస్తోందని ఆ గాజులన్నీ విప్పి పెట్టెల్లో పెట్టి దాచారు.

బెంజ్‌సర్కిల్
పాత గాజు కిందవైపు లావుగా ఉంటుందంట కదా, వందల ఏళ్లకి జారి కిందికి కారుతుంది, గాజు ద్రవం కదా.

గాజుపెంకు
కాదు. అది ఊదిన గాజు, అన్నిచోట్లా ఒకే మందం రాదు, బిగించినప్పుడే అలా ఉంది. పైన లావుగా ఉన్నవీ దొరుకుతాయి. మా కెమిస్ట్రీ సార్ కూడా ఇదే చెప్పారు, వాట్సాప్ కంటే ముందే పుట్టిన వాట్సాప్ ముచ్చట ఇది.

బెంజ్‌సర్కిల్
ఇరవై ఏళ్లుగా పిల్లలకి చెప్తున్నానండీ ఇది. 🙏

కొలోన్_కుర్రాడు
సగం కట్టి వదిలేయడంలో జర్మనీలో మా కొలోన్ చర్చి కూడా తక్కువేం కాదు. 1248లో మొదలు, 16వ శతాబ్దంలో ఆగింది, మళ్లీ 1842లో పట్టుకుని 1880లో పూర్తి. మధ్యలో దక్షిణ గోపురం మొండి మీద చెక్క క్రేన్ దాదాపు 400 ఏళ్లు అలాగే నిలబడి ఉంది, ఊరి బొమ్మ గీస్తే క్రేన్ కూడా గీసేవాళ్లు. ముందువైపు డిజైన్ తోలు మీద గీసింది పోయింది, 1814లో సగం డార్మ్‌స్టాట్‌లో ఒక సత్రం అటక మీద దొరికింది, మిగతా సగం 1816లో పారిస్‌లో. ఆ పాత గీత ప్రకారమే కట్టారు. మా అమ్మ అటక దులిపితే నా ఆరో తరగతి ప్రోగ్రెస్ కార్డు దొరికింది, అంతే.

శంకరాభరణం
అంతా రాళ్లేనా, బొమ్మలు వేసినవాళ్లు లేరా?

పాతపుస్తకం
ఎందుకు లేరు. ఇటలీలో పాదువా వెళ్లు, జొట్టో 1305 ప్రాంతంలో ఒక చిన్న ప్రార్థనా మందిరం మొత్తం గోడలు నింపాడు, మనుషులు ఏడిస్తే నిజంగా ఏడ్చినట్టుంటారు, అంతకుముందు బొమ్మల్లా బిగుసుకుని ఉండరు. కప్పంతా నీలాకాశం, నక్షత్రాలు. కట్టించింది స్క్రోవెన్యీ అనే ధనవంతుడు, వాళ్ల నాన్న పేరుమోసిన వడ్డీ వ్యాపారి, కవి దాంతే ఆయన్ని పేరు చెప్పకుండా ఇంటి గుర్తు చెప్పి నరకంలో కూర్చోబెట్టాడు.

నసగాడు
నల్లడబ్బు హుండీలో వేసే అలవాటు అక్కడా ఉందన్నమాట. చూశారా, నేను మొదట్నుంచీ అదే అంటున్నా.

సివిల్_సుబ్బు
చీకటి యుగం ప్రశ్న మిగిలిపోయింది. గోతిక్ అన్న మాటే తిట్టు తమ్ముడూ. 16వ శతాబ్దంలో వసారి అనే ఇటలీ ఆయన, ఇది రోమును నాశనం చేసిన గోతులనే అనాగరికుల పద్ధతి అని ఎగతాళి చేశాడు. కట్టినవాళ్లకి ఆ పేరు తెలీదు. తర్వాతి తరం ముందు తరాన్ని చీకటి అంది, మన పుస్తకాలు దాన్నే దించుకున్నాయి.

పాతపుస్తకం
కొంచెం ఆగండి సుబ్బు గారూ. 500 నుంచి 1000 దాకా కొన్నిచోట్ల నిజంగానే పెద్ద కట్టడాలు తగ్గాయి. 1000 తర్వాత ఊళ్లు పెరిగి, అడవులు కొట్టి పొలాలు పెంచి, బట్టల వ్యాపారం వచ్చి డబ్బు తిరిగింది. మొత్తం వెయ్యేళ్లని ఒకే మూటగా కట్టడమే తప్పు, వెలుగు మూటైనా సరే.

మెదక్_పిల్ల
ఇంకోటి, ఆ రాతి బొమ్మలన్నీ అప్పుడు రంగులేసి ఉండేవి తెలుసా. అమియెన్స్ ముందుభాగం లేజర్‌తో శుభ్రం చేసినప్పుడు రంగు మచ్చలు బయటపడ్డాయి, ఇప్పుడు రాత్రుళ్లు లైట్లతో ఆ రంగులు వేసి చూపిస్తారు. మన గుడి గోపురాల్లా ఉండేవన్నమాట, బూడిదరంగు గంభీరం అంతా తర్వాత మనం ఊహించుకున్నదే.

తాపీమేస్త్రీ_మనవడు
ఫ్రాన్సులోనే లాన్ చర్చి ఎవరూ చెప్పలేదు. కొండమీద ఊరు, రాళ్లు ఎడ్లబండ్ల మీద పైకి లాగారు, పని అయ్యాక గోపురాల మీద 16 ఎద్దుల విగ్రహాలు పెట్టారు. దేవుడు లేడు, రాజు లేడు, ఎద్దులే కిందికి చూస్తుంటాయి. మేస్త్రీ పేరు ఎక్కడా లేదు.

ఓరుగల్లోడు
నంది ఎక్కడైనా నందినే అన్నా. గీ ముచ్చటకు మాత్రం ఆళ్లకు దండం.

అర్ధరాత్రి_ఫ్లైట్
మీ పోస్టులు చదివి సాయంత్రం మళ్లీ వెళ్లా. సుబ్బు గారు చెప్పిన అదనపు స్తంభాలు దొరికాయి, ఈసారి చూడగానే తెలిసింది, రెండు పెద్దవాటి మధ్య సన్నగా ఒకటి దూరి ఉంది. గోడ అవతలికి కూడా తిరిగి వెళ్లా, అక్కడ హాలు ఉండాల్సిన చోట ఒక చిన్న పాత చర్చి ఉంది, వెయ్యేళ్ల నాటిది. దాన్ని పడగొట్టి కొత్తది కడదామనుకున్నారు, కొత్తదానికి డబ్బుల్లేక పాతది బతికిపోయింది. చిన్న చిన్న రాళ్లు, మా పెద్దనాన్న వాళ్ల గొడ్లపాక ఎత్తు కంటే కొంచెం ఎక్కువ. నాకు అది కూడా నచ్చింది. పెద్ద చర్చి లోపల ఒక పెద్ద గడియారం కూడా ఉంది, బొమ్మలు కదులుతాయంట, టికెట్ అడిగారు, మానేశా.

క్రిస్మస్ సెలవుల్లో లాన్ ఎద్దులు చూడ్డానికి వెళ్దామనుకుంటున్నా, ఎవరైనా వస్తారా, రూమ్ షేర్ చేసుకుందాం.

కొలోన్_కుర్రాడు
నేనొస్తా. ట్రైనో బస్సో ఏదైనా సరే, టికెట్లు మాత్రం నువ్వు బుక్ చెయ్యకు.